పగిలిన లాంపు మళ్లీ బల్ల మీదికి

సినిమా తెర మీద ఒక వరుసలో నడుస్తుంది, షూటింగ్ ఇంకో వరుసలో జరుగుతుంది. హీరో గుమ్మం ముందు ఆగే షాట్‌ను జనవరిలో రాజమండ్రి దగ్గర పల్లెలో తీస్తే, అదే గుమ్మం దాటి లోపలికి వచ్చే షాట్‌ను మే నెలలో హైదరాబాద్‌లో వేసిన సెట్లో తీస్తారు. చూసేవాళ్లకు మాత్రం అది ఒక్క అడుగు. నాలుగు నెలల ఎడాన్ని ఒక్క అడుగుగా అతికించే పనికి యూనిట్లో కంటిన్యుటీ అని పేరు. ఆ అతుకు ఊడిన చోట గాయం ఎడమ చెంప నుంచి కుడి చెంపకు మారుతుంది, సగం తాగిన గ్లాసు నిండుతుంది, చిరిగిన చొక్కా చిరగనట్టు అయిపోతుంది. ప్రేక్షకుడు పట్టుకునేది దాన్నే.

హాలీవుడ్‌లో ఈ పనికి స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అని ప్రత్యేకంగా ఒక ఉద్యోగం ఉంది. తెలుగు సినిమాలో ఈ బరువు చాలాకాలంగా అసిస్టెంట్ డైరెక్టర్ల మీదే పడుతోంది. బట్టల సంగతి కాస్ట్యూమర్లు, బొట్టు, గాటు, విగ్గు సంగతి మేకప్‌వాళ్లు చూసుకున్నా, అన్నిటినీ కలిపి పుస్తకంలో రాసుకోవలసింది దర్శకత్వ శాఖే. ఆ పుస్తకంలో ఉండేవి చిన్న చిన్న సంగతులు. చొక్కా చేతులు ఎన్ని మడతలు మడిచారు, పైన ఎన్ని గుండీలు వదిలేశారు, వాచీ ఏ చేతికి ఉంది, చెమట నుదుటి మీదే ఉందా, మెడ దాకా దిగిందా, డైలాగులో ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తారు, ఏ మాట దగ్గర దించారు. ఫిల్ము రోజుల్లో తీసింది ఎలా వచ్చిందో నెగెటివ్ కడిగి ప్రింటు వేసేదాకా తెలిసేది కాదు కాబట్టి ఆ నోటుపుస్తకమే దిక్కు. తర్వాత పోలరాయిడ్ ఫొటోలు వచ్చాయి. ఇప్పుడు సెట్లో మానిటర్ ఉంది, చేతిలో ఫోన్ ఉంది. అయినా తప్పులు ఆగలేదు. ఫొటోలో వాచీ కనబడుతుంది కానీ, వాచీ చూడాలన్న ఆలోచన మనిషికే రావాలి. ఇక సినిమా పూర్తయ్యాక ఎడిటింగ్‌లో ఖాళీ కనబడి రెండు షాట్లు మళ్లీ తీసే ప్యాచ్‌వర్క్ రోజున నటుడి జుట్టు అప్పటికే వేరే సినిమా గెటప్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది.

సూపర్‌హీరో సినిమాలో ఈ కష్టం ఎన్నో రెట్లు. హీరో వేసుకునే సూట్ తెర మీద ఒక్కటే, గోడౌన్‌లో మాత్రం శుభ్రమైనది ఒకటి, దుమ్ము పట్టినది ఒకటి, భుజం దగ్గర చిరిగినది ఒకటి, డూప్ కోసం ఒకటి, రోప్ కట్టడానికి నడుము దగ్గర వదులుగా కుట్టినది ఇంకొకటి ఉంటాయి. పది నిమిషాల పతాక పోరాటాన్ని వారాల తరబడి తీస్తారు. కొన్ని షాట్లలో నటుడు, కొన్నింటిలో డూప్, మిగతావాటిలో కంప్యూటర్లో చేసిన బొమ్మ. గ్రాఫిక్స్ పనిని నాలుగు చోట్ల పంచుకుంటే ఒక చోట వేసిన దుమ్ము ఇంకో చోట వేసిన దుమ్ముతో రంగు కలవాలి. 2017లో వచ్చిన జస్టిస్ లీగ్ రీషూట్లకు సూపర్‌మ్యాన్ వేషధారి హెన్రీ కావిల్ మీసంతో వచ్చారు. అప్పుడు చేస్తున్న మిషన్ ఇంపాజిబుల్ సినిమా కోసం పెంచిన మీసం అది. తీయడానికి వీల్లేక, తర్వాత కంప్యూటర్లో చెరిపేశారు. ఆ పైపెదవి ఎక్కడెక్కడ కదలక బిగుసుకుపోయిందో సినిమా వచ్చిన వారంలోనే ప్రపంచమంతా లెక్కబెట్టింది.

దగ్గర నుంచి చూడదగిన ఉదాహరణ 2002 నాటి స్పైడర్‌మ్యాన్. శామ్ రెయిమి దర్శకుడు. హీరో పీటర్ తన గదిలో మణికట్టు నుంచి వచ్చే సాలెదారాన్ని సాధన చేస్తుంటాడు. దారం లాంపుకు తగులుతుంది, లాగితే లాంపు ఎగిరి పగిలిపోతుంది. ఆ అలికిడికి పిన్ని తలుపు దగ్గరికి వచ్చి పలకరిస్తుంది. ఆ తర్వాత గది కనిపించినప్పుడు లాంపు చెక్కుచెదరకుండా తన చోటనే ఉంటుంది. అదే సినిమాలో వర్షంలో నలుగురు రౌడీలు అమ్మాయిని చుట్టుముట్టే సీనుంది. స్పైడర్‌మ్యాన్ ఇద్దరిని కిటికీల్లోకి విసిరేస్తాడు, అద్దాలు బద్దలవుతాయి. మిగిలిన ఇద్దరితో తలపడుతున్నప్పుడు వెనక రెండు కిటికీలూ నిండుగా, ఒక్క పగులు లేకుండా ఉంటాయి. కోట్ల డాలర్ల సినిమాలో ఇదెలా వదిలేశారని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఏ టేకులో నటన బాగుందో ఆ టేకును ఎడిటర్ ఎంచుకుంటాడు, ఆ టేకు తీసేనాటికి అద్దం పగలగొట్టి ఉండకపోవచ్చు. ఆశ్చర్యమల్లా మరొకటి. మనిషి గోడలు పాకడం నమ్మినవాళ్లే లాంపు దగ్గర ఆగిపోతారు. ఇందులో పొరపాటేమీ లేదు. ప్రేక్షకుడు ఒక్క అబద్ధానికి ఒప్పుకుని టికెట్ కొంటాడు. ఆ ఒక్కటి తప్ప మిగతా లోకమంతా తన ఇంట్లో ఉన్నట్టే ఉండాలని అతని షరతు. సాలీడు కుట్టి శక్తి రావడం ఒప్పందంలో ఉంది. పగిలిన గాజు అతుక్కోవడం ఒప్పందంలో లేదు.

తెలుగులో ఈ ఒప్పందం పాతదే. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు సూపర్ మ్యాన్‌గా కనిపించారు. ఆయనకు ఆ శక్తి వేరే గ్రహం నుంచి రాలేదు, ఆంజనేయుడి నుంచి వచ్చింది. 2024 సంక్రాంతికి, జనవరి 12న, ప్రశాంత్ వర్మ తీసిన హను-మాన్ విడుదలైంది. అంజనాద్రి అనే ఊహాపల్లెలో తేజ సజ్జా పోషించిన కుర్రవాడికి ఒక మణి ద్వారా వచ్చే బలం కూడా ఆంజనేయుడిదే. నలభై నాలుగేళ్ల ఎడంలో రెండు సినిమాలు ఒకే దేవుడి దగ్గరికి వెళ్లడం యాదృచ్ఛికం కాదు. కొండనెత్తడం, సముద్రం దాటడం ఇక్కడి పిల్లలకు బొమ్మల పుస్తకాలకన్నా ముందే తెలుసు.

ఇంకా వెనక్కి వెళితే 1957 నాటి మాయాబజార్ ఉంది. రూపం మార్చుకోగల ఘటోత్కచుడు ఏ లెక్కన చూసినా అతీతశక్తి వీరుడే. దర్శకుడు కె.వి. రెడ్డికి స్క్రిప్టును ముందే ఖాయం చేసుకుని, ఏ సీను ఎంతసేపు నడవాలో లెక్కగట్టుకునే మనిషిగా పేరు. ఈ సినిమాలో కంటిన్యుటీ గొప్పతనం వస్తువుల్లో కన్నా మనిషిలో కనబడుతుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక తెర మీద ఉండేది సావిత్రి, లోపల ఉండవలసింది ఎస్.వి. రంగారావు. నడకలో విసురు, చూపులో గద్దింపు, ఎవరైనా వస్తున్నారంటే చటుక్కున సిగ్గు తెచ్చుకోవడం, పెళ్లిపీటల మీద లక్ష్మణ కుమారుడి కాలు తొక్కేటప్పటి మొరటుదనం, వీటన్నిటా రంగారావు భుజాలు సావిత్రి ఒంట్లో ఉన్నట్టుంటాయి. అసలు శశిరేఖ ఎవరో, మాయ శశిరేఖ ఎవరో ఏ షాట్‌లోనూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇద్దరు నటులు ఒకే పాత్రను పంచుకున్నప్పుడు అతుకు కనబడకుండా నిలిచిన ఉదాహరణ తెలుగులో దీన్ని మించింది లేదు.

డబుల్ రోల్‌కు ఫిల్ము రోజుల్లో మాస్క్ షాట్ తీసేవాళ్లు. కెమెరాను కదలకుండా బిగించి, లెన్సుకు ఒక సగం మూసి, తెరిచి ఉన్న సగంలో నటుడితో ఒక పాత్ర చేయించేవాళ్లు. తర్వాత ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం తెరిచి, అదే నటుడు వేషం మార్చుకు వచ్చేదాకా ఆగేవాళ్లు. ఆ ఎడంలో లైటు కదలకూడదు, స్తంభం నీడ జరగకూడదు, ఎవరూ ట్రైపాడ్ తాకకూడదు. రెండోసారి నటుడు ఖాళీగా ఉన్న చోటును చూసి, అక్కడ ఇందాకటి తానే ఉన్నట్టు మాట్లాడాలి. చూపు జానెడు పైకి పోయినా తెర మీద ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. 1977 జనవరి 14న విడుదలైన దానవీరశూరకర్ణలో ఎన్.టి.ఆర్. కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడూ తానే ధరించి, దర్శకత్వమూ తానే చేశారు. అలాంటి సినిమాలో కిరీటాల, కంఠహారాల జాబితాయే ఒక పుస్తకమవుతుంది.

చూపు సంగతి 2012 జూలై 6న వచ్చిన ఈగలో పరీక్షకు నిలిచింది. ఎస్.ఎస్. రాజమౌళి తీసిన ఈ సినిమాలో వీరుడు ఈగ. షూటింగ్‌లో ఈగ లేదు. ప్రతినాయకుడిగా చేసిన సుదీప్ తన ముక్కు చుట్టూ, చెవి వెనక, కారు అద్దం మీద తిరిగే శూన్యాన్ని చూస్తూ నటించాలి. తర్వాత గ్రాఫిక్స్‌వాళ్లు ఈగను సరిగ్గా ఆ చూపు చివరన కూర్చోబెట్టాలి. ఆ చూపూ ఆ ఈగా కలిసిన తీరు సినిమాకు ప్రాణం. ఉత్తమ తెలుగు చిత్రంగానూ, ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ దానికి జాతీయ అవార్డులు దక్కాయి.

కంటికి ఆనే తప్పులు ఒక ఎత్తు. వరాల తప్పులు ఇంకో ఎత్తు, సూపర్‌హీరో కథకు అసలు ప్రమాదం అక్కడే. శక్తి పగలు మాత్రమే పనిచేస్తుందని కథ ఒక మాట పెట్టుకుంటే, చీకట్లో లారీ ఎత్తిన క్షణాన ఆ మాట పోయినట్టే. మొదటి సగంలో బస్సును ఒంటిచేత్తో ఆపినవాడు రెండో సగంలో నలుగురు కట్టిన తాడుకు లొంగిపోతే కారణం చెప్పాలి. పురాణాలకు ఈ జాగ్రత్త బాగా తెలుసు. హిరణ్యకశిపుడికి ఇచ్చిన వరంలో ఇంటా బయటా, పగలూ రాత్రీ, మనిషీ మృగమూ అన్నీ ముందే చెప్పి, చావు ఆ మాటల సందుల్లోంచే తెస్తారు. నరసింహుడు గడప మీద, సంధ్యవేళ రావడం ఎంత గొప్ప కంటిన్యుటీయో చిన్నప్పుడు కథ విన్న ప్రతివాడికీ తెలుసు. జగ్గయ్యపేట ధనంబోడు బౌద్ధస్తూపం దగ్గర దొరికి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్న చక్రవర్తి శిల్పంలోనూ ఇలాంటి కట్టుబాటే ఉంది. చేయెత్తితే మేఘాల నుంచి నాణేలు కురిసే ఆ రాజు చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి వగైరా రత్నాలు ఏడు. చూసేవాడు లెక్కపెట్టుకుంటాడని శిల్పికి తెలుసు.

తప్పు పట్టే కన్ను ఊరిని బట్టి కూడా మారుతుంది. పాత కృష్ణా జిల్లా మెట్టలో నందిగామ, జగ్గయ్యపేట హైదరాబాద్, విజయవాడ రహదారి వెంట ఉన్న ఊళ్లు. జగ్గయ్యపేట దాటి గరికపాడు చేరితే తెలంగాణ సరిహద్దు వచ్చేస్తుంది. చిల్లకల్లు, కీసర టోల్‌గేట్ల మీదుగా రాత్రింబవళ్లు బండ్లు పోయే చోట పెరిగినవాళ్లకు నంబర్ ప్లేటు చదవడం అక్షరాలతో పాటే వస్తుంది. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 20 అంటే ఖమ్మం, ఏపీ 24 అంటే నల్లగొండ. 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్ మొదలైంది. 2019లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ కొత్త బండ్లకు ఏపీ 39 ఒక్కటే అయింది. 2024 మార్చి నుంచి తెలంగాణ కొత్త బండ్ల మీద టీజీ కనబడుతోంది. కాబట్టి 2005లో జరిగిందని చెప్పే ఫ్లాష్‌బ్యాక్‌లో ఏపీ 39 కారు వస్తే ఈ ఊళ్ల హాల్లో ఆ కారు దగ్గరే కథ ఆగిపోతుంది. ఛేజింగ్‌లో ముందు ఏపీ 16 ఉన్న సుమో మలుపు తిరిగేసరికి ఏపీ 09 అయితే, గాల్లోకి లేచిన సుమోని కాకుండా ప్లేటును చూస్తారు. మైలురాయి మీద అంకె కూడా అంతే. ఈ రోడ్డు ఒకప్పుడు జాతీయ రహదారి 9. 2010లో నంబర్లు మార్చినప్పుడు 65 అయింది.

పొలం సంగతి ఇంకా కఠినం. ఇది పత్తి, మిరప పండే నేల. హీరో దెబ్బ తిని పడిన చేనులో పత్తి తెల్లగా విచ్చి ఉండి, లేచేటప్పటికి మొక్కలకు పసుపు పూలే ఉంటే, మధ్యలో ఎన్ని వారాలు గడిచాయో రైతు అక్కడికక్కడే చెప్పేస్తాడు. కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయంటే ఎండాకాలం మొదలైనట్టు. అదే సీనులో మున్నేరు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతుంటే కుదరదు. నీడ కూడా గడియారమే. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా తీసిన ఒక నిమిషం ఫైటులో నీడ ఒక షాట్‌లో పాదాల కిందా, మరుసటి షాట్‌లో గట్టు దాకా సాగి ఉంటే, అది చూసి నవ్వేది సినిమా చదువు చదివినవాళ్లు కాదు, ఎండలో పని చేసినవాళ్లు.

ఊరి పేరు పక్కన జిల్లా పేరు కూడా ఇప్పుడు కంటిన్యుటీ ప్రశ్నే. 2022 ఏప్రిల్ 4న నందిగామ, జగ్గయ్యపేట రెండూ కొత్తగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. ఎన్.టి.ఆర్. పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఇకమీదట ఇక్కడ సినిమా తీసేవాళ్లు తహసీల్దారు ఆఫీసు బోర్డు రాయించేముందు కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో అడగాలి.

ఒక సినిమాకూ ఇంకో సినిమాకూ మధ్య వచ్చే తేడాలు వేరే జాతి. మార్వెల్ సినిమాల్లో న్యూయార్క్ యుద్ధం జరిగింది 2012లో. 2017లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ హోమ్‌కమింగ్ ఆ యుద్ధపు శిథిలాలతో మొదలై, ఎనిమిదేళ్ల తర్వాత అని కార్డు వేస్తుంది. లెక్క ప్రకారం 2020 కావాలి. కానీ ఆ కథ నడిచేది 2016 నాటి సివిల్ వార్ సినిమా ముగిసిన కొద్ది నెలలకే. ఒక్క అంకె అభిమానులను ఏళ్ల తరబడి వాదనలో పెట్టింది, చివరికి తప్పేనని ఆ సినిమాలు తీసినవాళ్లలోనే కొందరు ఒప్పుకున్నారు. అంతకన్నా అందమైనది హల్క్ పేరు కథ. హల్క్‌గా మారే బ్రూస్ బ్యానర్‌ను సృష్టించిన స్టాన్ లీ 1960లలో కొన్ని సంచికల్లో పొరపాటున బాబ్ బ్యానర్ అని రాశారు. పాఠకులు ఊరుకోలేదు. చివరికి అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అని ప్రకటించి రెండు పేర్లనూ నిలబెట్టారు. ఆ రోజుల్లోనే మార్వెల్ ఒక పద్ధతి పెట్టింది. తప్పు పట్టుకోవడంతో ఆగకుండా, అది తప్పెందుకు కాదో ఒప్పించేలా రాసిన పాఠకుడికి నో ప్రైజ్ అనే బహుమతి పంపేది. కవరు మీద అభినందన ఉండేది, లోపల ఏమీ ఉండేది కాదు. ఆ ఖాళీ కవరు కోసం జనం పోటీ పడ్డారు.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. పురాణ ప్రవచనాల్లో శంక, సమాధానం అని ఒక మర్యాద ఉంది. శంక అడిగినవాణ్ని వెక్కిరించరు, అడిగినవాడూ కథను కొట్టిపారేయడు. సినిమా మీద వాదన కూడా ఆ మర్యాదలో నడిస్తేనే రుచి.

“బావా, ఇందాక భుజం మీద రక్తం ఉందిగా, ఇప్పుడేదీ?”

“అది ఎడమ భుజం. ఇప్పుడు కుడివైపు నుంచి చూపిస్తున్నాడు, మళ్లీ చూడు.”

ఈ రెండో మాట అనగలిగినవాడు ఉంటేనే మొదటి మాటకు విలువ. తప్పుగా కనిపించేవన్నీ తప్పులు కావు. మాయాబజార్‌లో పాండవులు తెర మీద ఎక్కడా కనబడరు. అది మరచిపోవడం కాదు, కథ వాళ్లు లేకుండానే నడిచేలా అల్లుకున్న తెలివి. కలలో, జ్ఞాపకంలో, ఒక పాత్ర చెప్పే కథలో తేడాలు కావాలని పెట్టినవి కావచ్చు.

తప్పని తేలినా దాని బరువు తూచాలి. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక షాట్‌ను ఎక్కడ కోయాలో చెబుతూ ఆరు ప్రమాణాలకు మార్కులు వేశారు. భావోద్వేగానికి 51 శాతం, కథకు 23. మనుషులూ వస్తువులూ ఉన్న చోట ఉండటమనే స్థల కంటిన్యుటీకి అన్నిటికన్నా చివర, 4 శాతం. ఏడుపు నిజంగా వచ్చిన టేకులో పైట మడత తేడాగా ఉంటే, ఆ టేకునే వాడాలన్నది ఆయన తీర్పు. అది సరైన తీర్పు. పైట మడత కోసం ఏడుపును వదులుకున్న సినిమాను ఎవరూ రెండోసారి చూడరు. అదీగాక మనిషి కన్ను అనుకున్నంత చురుకైనది కాదు. డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ప్రచురించిన ప్రయోగంలో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకునే చిన్న వీడియోలో కావాలనే తొమ్మిది మార్పులు చేశారు. మెడలో స్కార్ఫ్ మాయమవుతుంది, ప్లేట్ల రంగు మారుతుంది. చూసినవాళ్లలో దాదాపు ఎవరూ గమనించలేదు. మార్పులున్నాయి చూడండని చెప్పి మళ్లీ చూపించినా ఎక్కువ భాగం తప్పించుకుపోయాయి. కన్ను ముఖం వెంట, మాట వెంట పోతుంది. కాబట్టి మొదటిసారే హాలంతా పట్టుకున్న తప్పు ఒకటుందంటే, ఆ క్షణంలో కథ కన్నును పట్టి ఉంచలేదని అర్థం. లాంపు తప్పుకన్నా అది పెద్ద తప్పు. పదోసారి ఆపి ఆపి చూస్తే దొరికిన తప్పు సినిమా విలువను తగ్గించదు. వరం మాట తప్పితే మాత్రం మొదటిసారి దొరికినా, పదోసారి దొరికినా క్షమించకూడదు.

వాదనకు దిగేవాళ్లు ఏ సీను, ఏ షాట్, ముందు ఏముంది, తర్వాత ఏమైంది అన్నది రాసుకుని దిగాలి. విన్నది కాక కన్నది చెప్పాలి. అద్దంలో ప్రతిబింబం, కుడి ఎడమల తారుమారు చూసుకున్నాకే తప్పని అనాలి. చాలా సినిమాల్లో లైట్లు వేశాక కూడా తెర మీద పేర్లు నడుస్తూనే ఉంటాయి. దర్శకత్వ శాఖ అన్న వరుసలో అసిస్టెంట్ డైరెక్టర్ల పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. మడతలూ గుండీలూ లెక్కబెట్టి ఆ పుస్తకం మోసినవాళ్లు వాళ్లే. అవి చదివి లేవండి.